ఐటీలో మనం అమ్మేదెంత, కొనేదెంత?

సత్తెనపల్లి దగ్గర మా బావకి ఎరువుల కొట్టు ఉంది. ఈమధ్య ఖరీఫ్ మొదట్లో వెళ్ళినప్పుడు ఆయన గల్లాపెట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఆ కొట్లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయా అని లెక్కపెట్టాను. మామూలుగా మనం కంప్యూటర్ అనుకునేది ఒక్కటీ లేదు. బల్ల మీద ఒక ఈ-పాస్ మిషన్ ఉంది. రైతు దాని మీద వేలిముద్ర వేస్తేనే సబ్సిడీ యూరియా బస్తా బయటికి కదులుతుంది. 2018 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. దాని పక్కన సౌండ్ బాక్స్. రెండు బస్తాలు తీసుకున్న రైతు ఫోన్ చూపించగానే "ఐదు వందల ముప్పై మూడు రూపాయలు అందాయి" అని శుభ్రమైన తెలుగులో అరిచింది. బావ జేబులో స్మార్ట్‌ఫోన్, అందులో వాట్సాప్‌లో ఆర్డర్లు. జీఎస్టీ బిల్లులు ఊళ్ళో ఆడిటర్ గారి దగ్గర టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కుతాయి. అసలు వ్యాపారాన్ని నడిపించే అప్పుల లెక్క మాత్రం ఎర్ర అట్ట పద్దు పుస్తకంలో, బాల్ పెన్నుతో ఉంది.

మన దేశంలో ఐటీ మార్కెట్ ఎంత పెరుగుతుంది, ఎటు పెరుగుతుంది అని ఎవరైనా అడిగితే, నాకు హైటెక్ సిటీ కంటే ముందు ఈ బల్ల గుర్తొస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక చిక్కుముడి విప్పాలి.

తెలుగు ఇళ్ళలో ఐటీ అంటే ఉద్యోగం. "అబ్బాయి ఐటీలో చేస్తున్నాడు" అంటే అతను ఏం రాస్తున్నాడు, ఎవరి కోసం రాస్తున్నాడు అని ఎవరూ అడగరు. చాలామటుకు ఆ పని అమెరికాలో బ్యాంకుకో, జర్మనీలో కార్ల కంపెనీకో, లండన్‌లో బీమా సంస్థకో వెళ్తుంది. అది మనం అమ్మే ఐటీ. ఐటీ మార్కెట్ అంటే కొనే ఐటీ: ఈ దేశంలో కొట్లు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, ప్రభుత్వాలు, ఇళ్ళు తమ జేబులోంచి తీసి ఖర్చుపెట్టేది. ఈ రెండూ పెరిగే దారులు వేరు, ఆగిపోయే కారణాలు వేరు. పేపర్లో "ఐటీకి భవిష్యత్తు ఉందా" అని వచ్చే చర్చలన్నీ రెండింటినీ కలిపి వండేస్తాయి.

అంకెలు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. పరిశ్రమ సంఘం నాస్కామ్ లెక్కన 2024-25లో భారత టెక్ రంగం మొత్తం ఆదాయం సుమారు 28,300 కోట్ల డాలర్లు. అందులో ఎగుమతులు 22,400 కోట్ల పైమాటే. అంటే దేశంలో అమ్ముడైంది 5,800 కోట్ల డాలర్ల చుట్టూ. దాన్ని నూట నలభై అయిదు కోట్ల జనానికి పంచితే మనిషికి ఏడాదికి నలభై డాలర్లు. రూపాయల్లో మూడున్నర వేలకు కాస్త తక్కువ.

ఇక్కడే ఇంకో మెలిక. పరిశోధన సంస్థ గార్ట్‌నర్ 2025లో భారత్ ఐటీ ఖర్చు సుమారు 16,000 కోట్ల డాలర్లని, ఏడాదిలో 11 శాతం పైగా పెరుగుతుందని అంచనా వేసింది. దేశం ఒకటే, కాలమూ దాదాపు ఒకటే, అంకె మాత్రం మూడు రెట్లకు దగ్గర. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. రెండో లెక్కలో మనం కొనే ఫోన్లు, నెలనెలా కట్టే టెలికాం బిల్లులు కూడా ఉంటాయి. మా బావ చేయించుకునే రీఛార్జ్ కూడా అందులో ఐటీ ఖర్చే. కాబట్టి ఇకమీదట ఎవరైనా మార్కెట్ ఇంత అంత అని చెబితే, మొదట అడగాల్సింది అందులో ఫోన్ బిల్లు ఉందా లేదా అని.

రూపాయి, డాలరు గొడవ కూడా ఉంది. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57 వేల కోట్ల రూపాయలు, 2022-23లో 2.41 లక్షల కోట్లు. నాలుగు రెట్లకు పైనే. కానీ మొదట్లో డాలరు దాదాపు అరవై రూపాయలు, 2022-23 నాటికి ఎనభై. డాలర్లలోకి మార్చి చూస్తే పెరుగుదల మూడు రెట్ల చిల్లర. ఇది చిన్న విషయమేం కాదు, గొప్ప పెరుగుదలే. కాకపోతే రూపాయి తగ్గితే అమ్మేవాడి లెక్క పొంగుతుంది. కొనేవాడి లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే సర్వర్లు, చిప్‌లు, క్లౌడ్ అద్దె అన్నీ ఎక్కడో ఒకచోట డాలరుకే ముడిపడి ఉన్నాయి.

అమ్మే ఐటీ ఇంత పెద్దదై, కొనే ఐటీ ఇంత చిన్నదిగా ఎలా మిగిలింది? కథ పాతదే. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళింది. 1985లో అమెరికా చిప్‌ల కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైన్ కేంద్రం పెట్టింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చి, ఉపగ్రహ లింకులతో ఇక్కడి పని అక్కడికి పంపే వీలు కలిగింది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. వెంటనే వైటూకే గిరాకీ, అంటే 2000 సంవత్సరం వచ్చేసరికి తేదీలు తప్పకుండా పాత ప్రోగ్రాములు సరిచేసే పని. ప్రతి మలుపులోనూ కొనేవాడు బయటి దేశంలోనే ఉన్నాడు. ఇంట్లో వండి పక్కింటికి క్యారియర్ పంపే మెస్ లాంటిది మన ఐటీ. ఆ మెస్ నడిపేవాళ్ళ ఇంట్లో పిల్లలు ఏం తింటున్నారో చాలాకాలం ఎవరూ చూడలేదు.

గుమస్తా లెక్క

అసలు కారణం మాత్రం చరిత్ర కంటే కూలీ రేటులో ఉంది. ఇది కొంచెం నిదానంగా చూద్దాం.

అమెరికాలో ఒక చిన్న షాపు గుమస్తాకి నెలకి మూడు వేల డాలర్లు ఇస్తుందనుకుందాం. నెలకి ఇరవై డాలర్ల సాఫ్ట్‌వేర్ ఆ గుమస్తా పనిలో పదో వంతు మిగిల్చినా మూడు వందల డాలర్లు కలిసొచ్చినట్టు. కళ్ళు మూసుకుని కొంటారు. అదే సాఫ్ట్‌వేర్ ఇరవై డాలర్లకే మా బావకి ఇస్తే 1,700 రూపాయల పైమాటే. ఆయన గుమస్తా జీతం 12 వేలు. అందులో పదో వంతు 1,200. అంటే కొన్న నెల నుంచే నష్టం. నేను ఈ లెక్క వేయకముందే ఆయన చెప్పేశాడు: "నీ కంప్యూటరు బస్తాలు దింపుద్దా బామ్మర్దీ? మా కుర్రాడు దింపుతాడు, పైగా వసూలుకి కూడా వెళ్తాడు."

మనుషులు చవగ్గా దొరికేచోట మనిషి పనిని తగ్గించే యంత్రానికి గిరాకీ ఉండదు. ఏ ఐటీ కంపెనీలకు మన చవకైన జీతాలు ప్రపంచ మార్కెట్ తెచ్చిపెట్టాయో, అవే చవకైన జీతాలు ఇంట్లో మార్కెట్‌ని పెరగనివ్వలేదు. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే.

దీని ఫలితాలు అన్నిచోట్లా కనిపిస్తాయి. 2017-18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు 10.7 శాతమే, పల్లెల్లో 4.4 శాతం. ఇప్పటికీ దేశంలో ఏడాదికి అమ్ముడయ్యే పీసీలు కోటిన్నర చుట్టూనే, స్మార్ట్‌ఫోన్లు మాత్రం పదిహేను కోట్ల దగ్గర. సాఫ్ట్‌వేర్ కొనాల్సి వస్తే కొనకుండా వాడే దారి వెతకడం మనకి అలవాటు. సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్ఏ చేసిన సర్వేలో 2017లో మన దగ్గర కంప్యూటర్లలో వాడే సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్సు లేదు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకున్న నా తరం వాళ్ళు దీని మీద నీతులు చెప్పే స్థితిలో లేరు. నేర్చుకున్నదే కాపీ సీడీల మీద.

ఆ 12 వేల జీతం 20 వేలయ్యే కొద్దీ, సాఫ్ట్‌వేర్ ధర డాలర్ల నుంచి విడిపడి రూపాయల్లో పడే కొద్దీ లెక్క మారుతుంది. టాలీ, జోహో లాంటి కంపెనీలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఒక కారణం, అవి ఇక్కడి కొట్టు లెక్కని ఎరిగి ధర పెట్టడం. కానీ జీతాలు పెరిగేదాకా ఆగకుండా మార్కెట్‌ని ముందుకు నెట్టినవి వేరే ఉన్నాయి.

చట్టం నెడితే, ఉచితం లాగితే

మొదటిది చట్టం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. నోటితో, చిట్టీలతో నడిచే వ్యాపారం నెలనెలా ఆన్‌లైన్‌లో లెక్క చూపించాల్సి వచ్చింది. తర్వాత ఈ-ఇన్‌వాయిస్, అంటే వ్యాపారికి వ్యాపారి ఇచ్చే బిల్లు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావడం. దీని పరిధి ఎలా దిగిందో చూడండి: 2020 అక్టోబరులో టర్నోవర్ 500 కోట్లు దాటిన కంపెనీలకి, తర్వాత 100 కోట్లకి, 50కి, 20కి, 10కి, చివరికి 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన ప్రతివాళ్ళకీ. మూడేళ్ళలో వందో వంతుకి దిగింది. ప్రతి మెట్టు దిగినప్పుడల్లా ఇంకొన్ని వేల వ్యాపారాలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెతుక్కున్నాయి. వాళ్ళు లాభం లెక్కేసి కొనలేదు, నోటీసు వస్తుందేమోనన్న టెన్షన్‌తో కొన్నారు. ఏదేమైనా కొన్నారు. ఈ దేశంలో చిన్న వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ అమ్మిన గొప్ప సేల్స్‌మన్ ఎవరంటే పన్నుల శాఖే అంటాను. మా బావ కొట్లో ఈ-పాస్ మిషన్ కథా అంతే. అది లేకపోతే సబ్సిడీ బస్తా లేదు.

రెండోది ఉచితం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, అంతకు రెండేళ్ళ ముందు జీబీకి 250 రూపాయల పైన ఉన్న డేటా కొన్నాళ్ళకే పది రూపాయల చుట్టుపక్కలకి పడిపోయింది. అదే ఏడాది యూపీఐ మొదలైంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. చిల్లర వ్యాపారాన్ని ఇంత వేగంగా ఫోన్ మీదికి తెచ్చామని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ మార్కెట్ కోణంలో చూస్తే ఇదొక వింత. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదు. వేల కోట్ల లావాదేవీలు, వాటి మీద నేరుగా వచ్చే ఆదాయం సున్నా. బ్యాంకులకీ యాప్‌లకీ కొంత ఊరటగా ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తోంది; 2024-25కి కేబినెట్ ఆమోదించింది సుమారు 1,500 కోట్ల రూపాయలు.

మరి కంపెనీలు బతికేది ఎలా? ఇక్కడే సౌండ్ బాక్స్ వస్తుంది. చెల్లింపు ఉచితం, ఆ చెల్లింపు వచ్చిందని అరిచే డబ్బాకి మాత్రం నెలకి నూరు రూపాయల చుట్టూ అద్దె. మా బావ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వని డబ్బు దీనికి ఇస్తాడు, ఎందుకంటే సీజన్లో కొట్టు నిండా జనం ఉన్నప్పుడు ఎవరు కట్టారో ఎవరు కట్టినట్టు నటించారో చూసుకునే తీరిక ఉండదు. ఒక్క దొంగ స్క్రీన్‌షాట్ తప్పించుకున్నా ఆ నెల అద్దె గిట్టినట్టే. లాభం ఇంత సూటిగా కనపడే వస్తువుకి మన మార్కెట్లో డబ్బు పుడుతుంది. ఆ డబ్బాలోంచి వెళ్ళిన రోజువారీ అమ్మకాల లెక్క చూసి ఫైనాన్స్ కంపెనీలు అప్పు ఇస్తామని ఫోన్ చేయడం తర్వాతి అంకం. అసలు లాభం అక్కడ ఉంది.

అప్పుల పద్దునే ఫోన్లోకి తెస్తామని 2017 నుంచి ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటి యాప్‌లు వచ్చాయి. డౌన్‌లోడ్లు కోట్లలో జరిగాయి. మా బావా దించుకున్నాడు, వాడి వదిలేశాడు. ఆయన అభ్యంతరం విచిత్రంగా అనిపిస్తుంది గానీ న్యాయమైనదే: గడువు దాటగానే యాప్ రైతుకి బాకీ గుర్తుచేస్తూ మెసేజ్ పంపేసింది, మిర్చి ఇంకా కోతకే రాలేదు. తెలుగులో ఎరువు అంటే పొలంలో వేసేదీ, బదులు తెచ్చుకునేదీ రెండూనూ. ఆ యాప్ రాసినవాళ్ళకి ఈ మాట తెలిసినట్టు లేదు.

ప్రభుత్వం అనే కొనుగోలుదారు

పెద్ద మొత్తంలో కొనేది ప్రభుత్వం. ఈ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి మంచి రికార్డే ఉంది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులని కంప్యూటర్ల మీదికి తెచ్చిన కార్డ్ ప్రాజెక్టు, 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. గమనిస్తే కంప్యూటర్ నుంచి కౌంటర్‌కి, కౌంటర్ నుంచి ఫోన్‌కి వచ్చింది కథ. కానీ ఈ కొనుగోలుదారుడితో చిక్కులున్నాయి. తక్కువ కోట్ చేసినవాడికే టెండర్, బిల్లు పాసవడానికి నెలలు, ప్రభుత్వం మారితే ప్రాజెక్టు పేరు మారడం. అంత కాలం నిలదొక్కుకోగలిగేది పెద్ద కంపెనీలే. ప్రభుత్వ ఖర్చు పెరిగినంత మాత్రాన విజయవాడలోనో వరంగల్‌లోనో పదిమందితో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెరుగుతుందని అనుకోలేం.

పెరుగుదల అంకెల్లో కనిపించి, మార్కెట్లో కనిపించనివి ఇంకో రెండు. ఒకటి, విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా పెట్టుకునే కేంద్రాలు, జీసీసీలు. 2023-24 నాటికి ఇవి దేశంలో 1,700 దాటాయి, 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్ వీటికి పెద్ద అడ్డా. ఉద్యోగాలకి మేలే, అద్దెలకి మరీ మేలు. కానీ అక్కడ తయారయ్యేది మాతృసంస్థకే వెళ్తుంది. రెండోది డేటా సెంటర్లు. 2025 అక్టోబరులో విశాఖలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ ప్రకటించింది. చాలా పెద్ద అంకె. అందులో ఎక్కువ భాగం యంత్రాల మీద పోతుంది, ఖరీదైన చిప్‌లు దిగుమతి అవుతాయి, కరెంటూ నీళ్ళూ స్థానికంగా కావాలి, కట్టడం అయిపోయాక లోపల పనిచేసేవాళ్ళు పెట్టుబడితో పోలిస్తే కొద్దిమందే. దాన్ని వద్దనడం లేదు. రేవు కట్టడం వేరు, ఊళ్ళో సంత పెరగడం వేరు.

ఇక ఏఐ. అమ్మే ఐటీకి ఇది సూటిగా తగిలే దెబ్బ, ఎందుకంటే ఆ వ్యాపారం ఇంతమంది మనుషులు, ఇన్ని గంటలు అనే బిల్లు మీద నిలబడింది. గంటలు తగ్గితే బిల్లు తగ్గుతుంది. 2025లో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే తన సిబ్బందిలో రెండు శాతాన్ని తగ్గిస్తున్నట్టు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఈ రెండూ కలిసి తెలుగు ఇళ్ళలో ఎంత కలవరం పెట్టాయో చెప్పనక్కర్లేదు.

కొనే ఐటీ వైపు నుంచి చూస్తే బొమ్మ వేరు. 2025లో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకి ఏఐ యాప్‌లైన పర్‌ప్లెక్సిటీ ప్రోని ఏడాది పాటు, జియో జెమినై ప్రోని 18 నెలల పాటు ఉచితంగా ఇచ్చాయి. చాట్‌జీపీటీ గో మొదట నెలకి 399 రూపాయలకి వచ్చింది, కొన్ని నెలలకే దాన్నీ ఏడాది ఉచితం చేశారు. ఎందుకిస్తున్నారు? మన దగ్గర వాడేవాళ్ళు కోట్లలో ఉన్నారు, కట్టేవాళ్ళు వేళ్ళ మీద ఉన్నారని వాళ్ళకీ తెలుసు. యూపీఐలో చూసిందే మళ్ళీ ఇక్కడా: ముందు అలవాటు, తర్వాత ఎక్కడో ఒక చోట అద్దె. ఆ అద్దె వసూలు చేసేది ఎవరు, ఇక్కడి కంపెనీయా బయటిదా, అన్నది వచ్చే అయిదేళ్ళలో తేలుతుంది.

నా అంచనా ఏమిటంటే, మార్కెట్ అంకె పెరుగుతూనే ఉంటుంది. ఏటా పది శాతం అటూఇటూగా పెరగడం ఆశ్చర్యమేమీ కాదు. కానీ అందులో ఎక్కువ వాటా కొంతకాలం ఫోన్లు, డేటా సెంటర్ల యంత్రాలు, పెద్ద బ్యాంకుల ఖర్చే ఉంటుంది. 2015-16 సర్వేలో లెక్కతేలిన 6.3 కోట్ల చిన్న సంస్థలు, మా బావ కొట్టు లాంటివి, కొనడం మొదలుపెట్టేది కీబోర్డు అడ్డు తొలగినప్పుడు. ఇన్నాళ్ళూ ఆ అడ్డు ధర ఒక్కటే కాదు; తెలుగులో మాట్లాడి, తెలుగులో లెక్క రాసి, ఇంగ్లీషులో మెనూలు చూడాల్సి రావడం కూడా. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భారతీయ భాషల అనువాద వేదిక భాషిణి, హైదరాబాద్ ట్రిపుల్ఐటీ లాంటి చోట్ల ఏళ్ళ తరబడి భాష మీద జరిగిన పని, ఇప్పుడొచ్చిన మాట గుర్తుపట్టే ఏఐ కలిస్తే ఆ గోడకి కన్నం పడవచ్చు. పల్నాడు యాసలో "కోటయ్యకి రెండు డీఏపీ, డబ్బులు మిర్చి అమ్మినాక" అంటే సరిగ్గా పద్దు పడుతుందా లేదా అన్నది పరీక్ష.

ఇదే మాట బావతో అన్నాను, కొట్టు కట్టేసే వేళ. ఆయన సౌండ్ బాక్స్ తీగ పీకి చార్జింగ్ సర్దుతూ కాసేపు ఆలోచించాడు.

"మాట వింటే రాసుకుని, మిర్చి యార్డులో డబ్బు పడ్డాక అడిగేదయితే, డబ్బు పెట్టొచ్చులే."

"ఎంత పెడతావు బావా?"

"దీనికెంత ఇస్తున్నానో అంత," అని డబ్బా మీద చెయ్యేసి చూపించాడు.